కార్వాన్ మీదుగా ద్రాక్షతోటలకు

ఉస్మాన్‌గంజ్ నుంచి బయల్దేరి బేగంబజార్ దాటేదాకా దారి మూసీ వైపు దిగుతుంది. పురానాపూల్ దగ్గర కుడికి తిరిగి కార్వాన్ రోడ్డు పట్టుకున్నామంటే ఇక గండిపేట దాకా ఎక్కుడే. అక్కడక్కడ చిన్న చిన్న దిగుళ్లు వచ్చినా మొత్తం మీద ఎక్కుడే. బస్సులో పోయేవాళ్లకు ఈ సంగతి పట్టదు. సైకిలు తొక్కినవాళ్ల పిక్కలకు మాత్రం బాగా తెలుసు. 1970ల చివర్లో, పది పదకొండేళ్ల వయసులో, మా చిన్నాయిన వెంట ఆ ఎక్కుడు తొక్కి నేను చేరుకున్నవి ద్రాక్షతోటలు. ఇప్పుడు ఆ పేర్లు చెబితే ఫ్లాట్ల ధరలు గుర్తొస్తాయి గానీ, ఆ రోజుల్లో నార్సింగి, రాజేంద్రనగర్, మొయినాబాద్ అంటే మాకు ద్రాక్షపందిళ్లే.

మా చిన్నాయిన ఉస్మాన్‌గంజ్‌లో ఒక దుకాణంలో గుమాస్తా. గోనె సంచులు, సుతిలి, మోకులు, ఇనుప తీగ అమ్మే దుకాణం అది. ద్రాక్ష తీగను పందిరికి కట్టడానికి సుతిలి కావాలి, పందిరి అల్లడానికి జింకు పూత తీగ కావాలి. తోటలవాళ్లు సరుకు అరువు మీద తీసుకుపోయి పంట అమ్ముకున్నాక లెక్క తీర్చేవాళ్లు. ఆ వసూలు పని చిన్నాయినది. ఆదివారం గంజు మూసి ఉండే రోజు కాబట్టి ఆ రోజే ఖాతా పుస్తకం సంచిలో పెట్టుకుని బయల్దేరేవాడు. నేను వెంటపడేవాణ్ని. మా బాపు వద్దనేవాడు. చిన్నాయిన మాత్రం "రానీయన్నా, గంజుల మిర్చి గాలి పీల్చే బదులు జర మంచి గాలి పీలుస్తడు" అనేవాడు.

ఆ మిర్చి గాలి గురించి చెప్పకపోతే ఉస్మాన్‌గంజ్ గురించి చెప్పినట్టు కాదు. లారీల నుంచి మిర్చి బస్తాలు దించుతుంటే గల్లీ గల్లీ అంతా తుమ్మేది. బస్తా ఒక్కటి చిరిగిందంటే అడ్తి దుకాణాల మెట్ల మీద కూర్చున్న సేట్లు దస్తీలు మూతికి అడ్డం పెట్టుకునేవాళ్లు. హమాలీలు మాత్రం బనీను అంచుతో కళ్లు తుడుచుకుని మళ్లీ వీపు వంచేవాళ్లు. చింతపండు, బెల్లం, శొంఠి, పసుపు, ఒక్కో దుకాణం ముందు ఒక్కో వాసన. కళ్లు మూసుకుని నడిచినా ఎక్కడున్నానో చెప్పగలిగేవాణ్ని. కాంటా దగ్గర తూకం చెప్పేది ఉర్దూలో, బేరం తెలుగులో, సేట్లు వాళ్లలో వాళ్లు మార్వాడీలో. చదువు సరిగా రాని పిల్లలం కూడా మూడు భాషల్లో అంకెలు ఒప్పజెప్పేవాళ్లం. ఈ సందడంతా ఆదివారం పొద్దున ఆగిపోయేది. షట్టర్లు దించిన వీధిలో పావురాలు రాలిన గింజలు ఏరుకుంటుంటే, మేము సైకిల్ టాక్సీ దుకాణానికి పోయేవాళ్లం.

కిరాయి సైకిళ్ల దుకాణాన్ని అప్పట్లో హైదరాబాద్‌లో అందరం సైకిల్ టాక్సీ అనే అనేవాళ్లం. గోడకు ఆనించిన సైకిళ్ల వరుసలో ప్రతి బండి మడ్‌గార్డు మీద తెల్లరంగుతో ఒక నంబరు ఉండేది. పుస్తకంలో పేరు, గల్లీ, బండి నంబరు, తీసుకున్న టైము రాసుకుని ఇచ్చేవాళ్లు. నాకు చిన్న సైకిలు, చిన్నాయినకు దుకాణంవాళ్ల సొంత హెర్క్యులెస్. దాని క్యారియర్ మీద సుతిలి ఉండలు, అల్యూమినియం టిఫిన్ డబ్బా, పంపు. సాయంత్రం చీకటి పడితే లైటు లేని సైకిలును పోలీసులు ఆపుతారని డైనమో తిరుగుతుందో లేదో చూసుకుని మరీ కదిలేవాళ్లం.

పురానాపూల్ 1578లో కట్టింది. గోల్కొండ నుంచి మూసీ దాటి అవతలికి పోవడానికి ఇబ్రహీం కుతుబ్ షా ఈ వంతెన కట్టించేనాటికి హైదరాబాద్ నగరమే లేదు. ఫ్రెంచి రత్నాల వ్యాపారి టావెర్నియే దీన్ని చూసి, పారిస్‌లోని పాంట్ నోఫ్ వంతెనకు ఏమంత తీసిపోదని రాసుకున్నాడు. పోయేటప్పుడు మేము వంతెన ఎక్కేవాళ్లం కాదు. దాన్ని ఎడమకు వదిలేసి కార్వాన్‌లోకి దిగేవాళ్లం. ఒకప్పుడు గోల్కొండకు వచ్చే వర్తకుల బిడారులు ఆగిన చోటు, వజ్రాల బేరాలు సాగిన చోటు అది. రోడ్డు పక్కనే టోలీ మసీదు. 1671లో కట్టిన ఆ మసీదు మినార్ల మీద చెక్కుడు పని చూడాలంటే సైకిలు దిగి మెడ ఎత్తాలి. చిన్నాయిన అక్కడ తప్పకుండా దిగేవాడు. బీడీ ముట్టించుకోవడానికని నేను అనుకునేవాణ్ని గానీ, ఆయన బీడీ చేతిలో పట్టుకుని ఆ మినార్ల నగిషీనే చూస్తూ నిలబడేవాడు.

ఈ దారి చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ముక్క చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. జాన్ ద థెవెనో అనే ఫ్రెంచి యాత్రికుడు 1666-67 ప్రాంతంలో, అబ్దుల్లా కుతుబ్ షా పాలనలో, గోల్కొండకు వచ్చాడు. ఈ రాజ్యంలో ద్రాక్ష జనవరికే పండుతుందని, ఎండ తగిలే తీరును బట్టి కొన్ని తోటల్లో ఏప్రిల్ దాకా కోత సాగుతుందని, ఆ పండ్లతో తెల్ల వైను చేస్తారని రాశాడు. కోత అయ్యాక తీగలు కత్తిరిస్తారని, ఎండాకాలం నడుమ మళ్లీ పుల్లటి కాయ వస్తే దాని రసం తీస్తారని కూడా రాశాడు. వైను గురించి ఒక ఫ్రెంచివాడు రాస్తే ఆ మాటకు విలువుంటుంది, ఎందుకంటే అది వాళ్ల ఇంటి సరుకు. అంటే నేను నార్సింగిలో చూసిన తోటలు ఎవరో నిన్న మొన్న వేసిన పంట కాదు. ఈ గుట్టల మధ్య ద్రాక్షకు కనీసం మూడు వందల ఏళ్ల ఉనికి ఉంది. వైను చేసిన చేతులు ఎవరివో, ఏ కుండల్లో పులియబెట్టారో చెప్పే ఆనవాలు మాత్రం ఈ దారిలో ఎక్కడా నిలవలేదు. మా కాలానికి ద్రాక్ష అంటే తినే పండే.

లంగర్‌హౌజ్ చెరువు దాటాక కుడిచేతి వైపు గోల్కొండ కోట గోడ కనిపించేది. ఎడమన మూసీ, ఈసీ కలిసే సంగమం, గాంధీజీ చితాభస్మం కలిపిన బాపూఘాట్. అక్కడి నుంచి ఊరు పలచబడేది. ఇబ్రహీంబాగ్ దగ్గర గుట్ట మీద పన్నెండు వాకిళ్ల తారామతి బారాదరి, ఆ కింద రోడ్డు నిలువుగా లేచేది. నా సైకిలుకు గేర్లు లేవు, ఎవరి సైకిలుకూ లేవు. సీటు మీద నుంచి లేచి పెడళ్ల మీద నిలబడి తొక్కాలి.

"ఇంకెంత దూరం చిన్నాయినా?"

"దూరం అడగకురా. మాట్లాడితే దమ్ము వోతది. ముంగట చక్రం చూసుకుంట తొక్కు."

దారికి రెండు వైపులా రాళ్లు. హైదరాబాద్ రాళ్లను చూడని వాళ్లకు చెప్పడం కష్టం. ఒక బండ మీద ఇంకో బండ, దాని మీద ఇంకోటి, ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లుతాయనిపించేలా నిలబడి ఉంటాయి. రెండు వందల యాభై కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు అది. ఆ రాయి అరిగి అరిగి అయిన ఎర్ర చెలకనేల నీటిని నిలవనీయదు. ద్రాక్ష వేరుకు నిలవ నీరు పడదు కాబట్టి ఈ వాలు నేల దానికి సరిపోయింది. పందిరికి నిలబెట్టే కడీలూ ఈ రాతివే. వడ్డెర పనివాళ్లు ఉలితో వరుసగా గుంటలు కొట్టి నిలువునా చీల్చిన రాతి స్తంభాలు. తోట పండటానికి నేల, తోట నిలబడటానికి స్తంభం, రెండూ ఆ గుట్టలే ఇచ్చాయి.

తోటలోకి అడుగుపెడితే ముందు తెలిసేది చల్లదనం. మనిషి తల మీద మరో జానెడు ఎత్తులో తీగల వల, దాని మీద ఆకుల కప్పు. మార్చి ఎండలో తొక్కి వచ్చిన కళ్లకు కాసేపు ఏమీ కనిపించేది కాదు. చూపు కుదుటపడ్డాక తల పైన వందల గుత్తులు. అవి అనాబ్-ఎ-షాహీ. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ హైదరాబాద్‌లో సాగులోకి తెచ్చిన రకం. కాయ కోలగా, లావుగా ఉంటుంది, లోపల రెండు మూడు గింజలు. పచ్చగా ఉన్నప్పుడు పులుపు, లేత తేనె రంగు తిరిగాక తీపి. పూర్తిగా పండిన కాయను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే లోపలి గింజ నీడలా కనిపిస్తుంది. కొనేటప్పుడు చిన్నాయిన చూసే పరీక్ష అదే. ఈ రకం విరగకాసేది. తర్వాత గింజలేని థాంప్సన్ వచ్చి మార్కెట్టును పట్టేసింది గానీ, గింజ ఉన్న ఆ పెద్ద కాయ రుచి దానికి లేదని నా గట్టి నమ్మకం.

తోట చూసుకునే ముసలమ్మ ఒకామె మమ్మల్ని చూడగానే "వచ్చినవా బిడ్డా, ఎండన పడి వచ్చినవ్, ముందుగాల నీళ్లు తాగు" అని ముంత అందించేది. నేను చెయ్యి పైకెత్తితే మాత్రం గొంతు మారేది. "కాయ తెంపకు, గుత్తి తెంపుకో. ఒక్క కాయ తెంపితే తడి కారి గుత్తి అంత ఖరాబైతది." కత్తెర ఆమె చేతిలోనే ఉండేది. గుత్తి కాడను రెండు వేళ్ల మధ్య పట్టుకుని, కాయను ముట్టుకోకుండా కత్తిరించి, బావి హౌజులో ముంచి ఇచ్చేది. కాయల మీద సన్నని బూడిద లాంటి పొర ఒకటి ఉంటుంది, వేలు తగిలితే పోతుంది. ఆ పొర చెదరని గుత్తికి మార్కెట్లో ధర ఎక్కువ. గంపల్లో ఆకు పరిచి ఆడకూలీలు గుత్తులు పేర్చడం చూస్తే, వాళ్ల వేళ్లు కాడలను తప్ప దేన్నీ తాకేవి కావు. రోజంతా మెడ వెనక్కి వాల్చి, చేతులు పైకెత్తి చేసే పని అది. సాయంత్రానికి మెడ దించలేక ఒకరి మెడకు ఒకరు నూనె రాసుకోవడం చూశాను. తోట అందం గురించి మాట్లాడేవాళ్లు ఆ మెడల సంగతి కూడా తెలుసుకోవాలి.

దసరా సెలవుల్లో పోతే పండ్లుండవు, కత్తిరింపు నడిచేది. యూరప్‌లో చలికాలం వస్తే తీగ ఆకు రాల్చి తనంతట తాను నిద్రపోతుంది. మన దగ్గర అంత చలి లేదు కాబట్టి తీగ నిద్రపోదు, మనిషే కత్తెర పెట్టి దానికి కాలం చెప్పాలి. ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి. ఏప్రిల్ కత్తిరింపు తర్వాత వచ్చే కొమ్మల్లో ఎండాకాలమంతా పూమొగ్గ లోలోపల తయారవుతుంది. అక్టోబర్ కత్తిరింపుతో అది బయటపడి పూత పూసి, ఫిబ్రవరికల్లా కోతకు వస్తుంది. రెండో పుల్లకాయ రసాన్ని కూడా వాడుకున్న థెవెనో కాలం నుంచి ఒక్క పంటనే బాగా తీసే ఈ పద్ధతికి రావడం వెనక ఎన్ని తరాల తోటమాలుల తెలివి ఉందో.

అక్టోబర్‌లో తోటంతా నీలం. మైలుతుత్తం, సున్నం కలిపిన మందు చల్లేవాళ్లు. కడీల మీద, ఆకుల మీద, మందు కొట్టేవాడి చొక్కా మీద, కనుబొమల మీద కూడా ఆ నీలం మరకలే. నూరు లీటర్ల నీళ్లకు కిలో మైలుతుత్తం, కిలో సున్నం. రెండిటినీ వేర్వేరుగా కరిగించి కలపాలి, ఇనుప పాత్ర పనికిరాదు. కలిపాక ఒక పరీక్ష ఉండేది. కొడవలి మొనను సాన పట్టి ఆ నీళ్లలో కాసేపు ముంచి తీసేవాళ్లు. మొన తెల్లగానే ఉంటే మందు సరిగ్గా కుదిరినట్టు. ఎర్రగా రాగి పూత పట్టిందంటే సున్నం చాలలేదు, అట్లాగే కొడితే ఆకు మాడిపోతుంది. ఆ ఇనుము మీద రాగి పేరుకోవడం మా స్కూల్లో సైన్సు పంతులు ఎన్నో ఏళ్ల తర్వాత పాఠంగా చెప్పినప్పుడు, క్లాసులో చెయ్యి ఎత్తినవాణ్ని నేనొక్కణ్నే.

ఆ మందు పేరు బోర్డో మిశ్రమం. తోటలవాళ్ల నోట్లో అది "బోడో మందు". ఫ్రాన్సులో బోర్డో పక్కన మెడాక్ అనే వైను ప్రాంతంలో పుట్టింది. అక్కడి రైతులు దారిన పోయేవాళ్లు ద్రాక్ష కోసుకుపోకుండా రోడ్డు పక్క వరుసలకు మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవాళ్లు. ఆ నీలం చూస్తే ఎవరూ నోట్లో పెట్టుకోరు. 1882లో ఆ దారిన పోతున్న వృక్షశాస్త్రవేత్త మిలార్డే, బూజు తెగులుతో తోటంతా ఎండిపోయినా రోడ్డు పక్క వరుసలు మాత్రం పచ్చగా ఉండటం గమనించాడు. ప్రయోగాలు చేసి 1885లో ప్రకటించాడు. రోడ్డు పక్క తీగలను నిదానంగా చూస్తూ పోయిన మనిషికి దొరికిన సంగతి ఇది. ద్రాక్షసీమలో నిదానంగా పోవాలి అనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

వసూలు అయినా కాకపోయినా మధ్యాహ్నానికి గండిపేట కట్ట మీద టిఫిన్ డబ్బా విప్పేవాళ్లం. జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం, తోటలో ఇచ్చిన ద్రాక్ష. ఆ కట్ట పుట్టిందే ఒక వరద వల్ల. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. మా గల్లీ ముసలివాళ్లు దాన్ని "తుగ్యానీ" అని, గొంతు తగ్గించి చెప్పేవాళ్లు. ఆ తర్వాత విశ్వేశ్వరయ్య ఇచ్చిన ప్రణాళికతో మూసీ మీద 1920కి ఉస్మాన్‌సాగర్ (అదే గండిపేట), ఈసీ మీద 1927కి హిమాయత్‌సాగర్ వచ్చాయి. గండిపేట నిండు నీటి మట్టం సముద్రానికి 1790 అడుగుల ఎత్తు. అక్కడి నుంచి ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్ల దాకా నీళ్లు పంపు లేకుండా, కాలువలో వాటంతట అవే దిగుతాయి. "నీళ్లు దిగే తొవ్వనే మనదిగూడ, ఇగ కాలు ఆడియ్యకు" అని చిన్నాయిన పెడలు మీద కాలు ఆనించి కూర్చునేవాడు. పొద్దున చెమటలు కక్కించిన ఎక్కుడంతా తిరుగు దారిలో గాలి. తీరిక ఉన్నప్పుడు వచ్చిన దారిన కాకుండా హిమాయత్‌సాగర్ మీదుగా రాజేంద్రనగర్, అత్తాపూర్ చుట్టి, మూసీ అవతలి ఒడ్డు నుంచి పురానాపూల్ ఎక్కి ఇల్లు చేరేవాళ్లం. 1964లో వచ్చిన వ్యవసాయ విశ్వవిద్యాలయం పొలాలు ఆ దారిలోనే. ద్రాక్ష పరిశోధన కేంద్రం కూడా అక్కడే.

మరునాడు అవే గుత్తులు మొజంజాహీ మార్కెట్లో కనిపించేవి. 1935లో కట్టిన ఆ రాతి మార్కెట్టు అప్పటికి ఇంకా పండ్ల మార్కెట్టే. గడియారం గోపురం కింద గంపలు వరుసగా పెట్టి వేలం పాడేవాళ్లు. పండ్ల టోకు వ్యాపారం 1980లలో కొత్తపేటకు తరలిపోయింది. మొజంజాహీ ఉస్మాన్‌గంజ్ నుంచి నాలుగడుగుల దూరం కాబట్టి స్కూలుకు పోతూ ఆగి, ఏ గంప ఏ ఊరిదో పోల్చుకోవడానికి చూసేవాణ్ని. ఆకు మీద నీలం మరక ఎక్కువగా ఉన్నది ఫలానా తోటదని నాలో నేను చెప్పుకునేవాణ్ని.

తోటలు ఎందుకు పోయాయో చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. బావులు అడుగంటాయి, బోర్లు లోతుకు పోయాయి, పండే వేళ అకాల వానలు కాయను పగలగొట్టాయి. వీటన్నిటినీ రైతు తట్టుకునేవాడేమో గానీ భూమి ధరను తట్టుకోవడం ఎవరి వల్లా కాదు. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం నూరు కోట్లు దాటి పలికింది. జంట జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో కట్టడాలను అడ్డుకున్న 1996 నాటి 111 జీవో వల్ల మొయినాబాద్ వైపు పచ్చదనం కొంతకాలం ఎక్కువ నిలిచింది. ఆ మేలు ఒప్పుకోవాలి.

అయినా దారి పోలేదు. అదే నేను చెప్పదలచుకున్నది. ఫ్రాన్సులో ఆల్సాస్‌వాళ్లు 1953లో 170 కిలోమీటర్ల వైను దారి ఒకటి గుర్తించి, ఊరూరా బోర్డులు పెట్టి, పాత కోటలను, తోటలను ఒక్క తాడున కట్టారు. ఇప్పుడు అక్కడికి లోకమంతా సైకిళ్లు వేసుకుని పోతుంది. మనకు 1578 నాటి వంతెన ఉంది, 1671 నాటి మసీదు ఉంది, గోల్కొండ ఉంది, తారామతి ఉంది, రెండు సాగర్లు ఉన్నాయి. 2023 అక్టోబర్‌లో ఔటర్ రింగురోడ్డు వెంట నార్సింగిని తాకుతూ సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ కూడా వచ్చింది. అక్కడ తెల్లవారుజామున వందల మంది తొక్కుతున్నారు. వాళ్లలో చాలామందికి తాము తొక్కేది ద్రాక్షనేల మీద అని తెలియదు. ట్రాక్ దాటి చేవెళ్ల మర్రిచెట్ల దాకా పోయేవాళ్లు కూడా వెనక్కి తిరిగి కార్వాన్ వైపు చూడరు.

వాళ్లకు నా మాట ఒక్కటే. ఫిబ్రవరి చివర్లో ఒక ఆదివారం పొద్దున్నే, ఆరు కొట్టకముందే, పాత ఊరి నుంచి మొదలుపెట్టండి. ఎండ ఎక్కాక కార్వాన్‌లో ట్రాఫిక్ తొక్కనివ్వదు. టోలీ మసీదు దగ్గర దిగండి. వచ్చేటప్పుడు రాజేంద్రనగర్ మీదుగా రండి. అక్కడి ద్రాక్ష పరిశోధన కేంద్రం ఇప్పుడు ఉద్యాన విశ్వవిద్యాలయం కింద ఉంది. పండ్ల కాలంలో జనాన్ని పందిళ్ల కిందికి రానిచ్చి పండ్లు అమ్మిన సంవత్సరాలున్నాయి. ముందుగా కనుక్కుని, పిల్లల్ని కూడా తీసుకుని పొండి.

ఈ దారికి బోర్డులు పెట్టమని ప్రభుత్వాన్ని అడగాలి. థెవెనో ఏం చూశాడో, బాకర్ ఖాన్ ఏం తెచ్చాడో తెలుగులో, ఉర్దూలో రాసి పెట్టాలి. కడీలు చీల్చిన వడ్డెర పనివాళ్ల పేర్లు, మెడలు వాల్చి గుత్తులు కోసిన ఆడవాళ్ల పేర్లు, సుతిలి మోసిన హమాలీల పేర్లు ఏ పుస్తకంలోనూ దొరకవు కాబట్టి, వాళ్లు చేసిన పని ఏమిటో ఆ బోర్డుల మీద వివరంగా రాయాలి.